వాన ఏడ పడ్డదని అడిగే మా చిన్నమామ

మా చిన్నమామ పోయిన కబురు తెలంగాణ బంద్ రోజున వచ్చింది. పొద్దున్నే చిన్నత్త ఫోన్ చేసింది. మాటలు సరిగా వినిపించలేదు, ఏడుపు మాత్రం వినిపించింది. తెల్లవారుజామున గుండెలో నొప్పి అన్నారట, దవాఖానాకు బండి దొరికేలోపే అయిపోయిందట. నేను ఫోన్ పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాను. మా మామ, అంటే మా ఆయన నాన్న, బావి దగ్గరికి పోవడానికి చెప్పులు వేసుకుంటున్నారు. చిన్నమామ అంటే ఆయన సొంత తమ్ముడు. ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. మామ ముందు నిలబడి మాట్లాడటం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. చివరికి ఫోన్ ఆయన చేతికి ఇచ్చాను. ఆయన విన్నారు. ఒక్క చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయారు.

బస్సులు లేవు. మా ఆయన మోటారు సైకిల్ తీశాడు. నడుమ మామ, వెనుక నేను కూర్చున్నాం. కోరుట్ల దాటిన తర్వాత రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, రాళ్లు, జెండాలు కనిపించాయి. బంద్ చేయిస్తున్న పిల్లలు ఆపారు.

"ఏడికి పోతున్రు? ఇయ్యాల బంద్ అని ఎరుకలేదా?"

మామ బండి దిగారు. "మా తమ్ముడు సచ్చిపోయిండు బిడ్డా. జగిత్యాలల," అన్నారు.

వాళ్లు ఎడ్లబండిని పక్కకు జరిపారు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. 'తమ్ముడు' అనే మాట మామ నోట ఎనిమిది తొమ్మిది నెలలుగా వినలేదు. చిన్నమామ పేరు ఎత్తాల్సి వస్తే 'గా ఆఫీసాయన' అనేవారు. అన్నదమ్ముల నడుమ మాట ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే వాన గురించి చెప్పాలి. నాకు వాన గురించి తెలిసింది తక్కువ. తెలిసినంత వరకు రాస్తాను, చదివేవాళ్లు సర్దుకోండి.

మాది సిరిసిల్ల. మా నాన్న మరమగ్గాల మీద పని చేస్తాడు. నేను ఏడో తరగతితో బడి మానేశాను. సిరిసిల్లలో మా వాడకు వాన అంటే కరెంటు పోవడమే. మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది, ఆ రోజు కూలి కూడా ఆగిపోతుంది. పెళ్లయి కోరుట్ల పక్కనున్న ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్ముకుంటే, "అయ్యో, వాన!" అన్నాను. పసుపు పండించే ఇంట్లో అనాల్సిన మాట కాదది. మామ నా వైపు చూసిన చూపుకు నేను తలుపు వెనక్కి పోయాను. ఆ రోజు చిన్నమామ కూడా ఇంట్లోనే ఉన్నారు. పెద్దగా నవ్వారు.

"తప్పేమున్నది అన్నా? ఎవలకు ఏడ నష్టమైతదో గాడ అయ్యో అంటరు. పిల్లది సిరిసిల్లల పుట్టింది, కోరుట్లల పుట్టలే గదా."

నా తరఫున ఆ ఇంట్లో మొదట మాట్లాడిన మనిషి ఆయన.

చిన్నమామ జగిత్యాలలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు ఆవరణలో వాన కొలిచే డబ్బా ఒకటి ఉండేది. పొద్దున్నే అందులోని నీళ్లను గాజు గొట్టంలో పోసి, ఎంత పడిందో చూసి, పై ఆఫీసుకు పంపడం ఆయన పనుల్లో ఒకటి. ఎండాకాలంలో ఢిల్లీ వాతావరణ శాఖ నుంచి ఒక అంచనా వస్తుంది. రాబోయే నాలుగు నెలల వానాకాలం ఎట్లా ఉంటుందో వాళ్లు ముందే చెప్తారు. దాన్ని చదివి మా ఊళ్లో వాళ్లకు విడమరిచి చెప్పడం మాత్రం ఆయనకు ఎవరూ అప్పగించని పని. ఆదివారం బస్సు దిగగానే ఎవరో ఒకరు ఆపేవారు.

"వాన సారూ, నిన్న దంచి కొట్టింది గదా!"

"ఏడ?" అనేవారు చిన్నమామ.

"ఏడేంది, కోరుట్లల!"

"కోరుట్లల ఏడ? బస్టాండు కాడనా, చెర్వు కాడనా?"

అడిగినవాళ్లు విసుక్కునేవారు. ఆయనకు మాత్రం 'వాన పడింది' అంటే సగం మాట. ఎక్కడ పడిందో చెప్తేనే మిగతా సగం. ఇంకొక అలవాటు కూడా ఉండేది. రేపటి సంగతి ఏది అడిగినా మొదటి జవాబు "చెప్పరాదు" అనే. ఉద్యమం జోరు మీదున్న రోజులు కదా, ఊళ్లోవాళ్లు ఆయన్ను రెండు అడిగేవారు. వాన ఎప్పుడొస్తది, తెలంగాణ ఎప్పుడొస్తది? రెండింటికీ అదే జవాబు. "నీ నోట్ల ఒక్క మంచి మాట రాదా సారూ?" అని వెక్కిరిస్తే, "వచ్చేతందుకే గదా కూసున్నం," అని చాయ్ సాసర్లో పోసుకునేవారు.

పోయిన ఏడాది ఉగాది రోజు గుడి దగ్గర ధర్మపురి నుంచి వచ్చిన పంతులు పంచాంగం చదివారు. వాన సముద్రం మీద ఇంత పాలు, కొండల మీద ఇంత పాలు, భూమి మీద ఇంత పాలు అన్నారు. భూమికి వచ్చిన పాలు అన్నిటికంటే తక్కువ. మామ ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికి వచ్చారు.

"భూమికి గంతేనట. ఇగ ఏం పండుతది?"

"భూమి అంటే మన చేనొక్కటేనా అన్నా?" అన్నారు చిన్నమామ.

నేను ఆయన పంచాంగాన్ని ఎగతాళి చేస్తారనుకున్నాను. చేయలేదు. "పంతులు గూడ అందరికి గలిపి చెప్పిండు, మా ఢిల్లోల్లు గూడ అందరికి గలిపే చెప్తరు. మన పసుపు చేను ఏడున్నదో ఇద్దరికీ ఎరుకలేదు," అన్నారు. అది పంచాంగాన్ని పొగిడినట్టో, ఢిల్లీవాళ్లను తిట్టినట్టో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఢిల్లీ అంచనా వచ్చింది. ఆ ఆదివారం అన్నం తిన్నాక చిన్నమామ నన్ను పిలిచి మూడు గిన్నెలు, పది చింతగింజలు తెమ్మన్నారు. నేను తెచ్చి ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను.

"అన్నా, గిటు సూడు. గీ గిన్నె తక్కువ వాన. నడిమిది మామూలు వాన. గా కడపటిది ఎక్కువ వాన. మనకేమీ ఎరుక లేదనుకో, పది గింజలల్ల గిందుల మూడు, నడుమ నాలుగు, గందుల మూడు వేస్తం."

"ఊఁ."

"ఇగ గీ యేడు సముద్రాలు జూసి, గాలులు జూసి, ఢిల్లోల్లు ఏమన్నరంటే..." తక్కువ వాన గిన్నెలో నుంచి ఒక గింజ తీసి నడిమి గిన్నెలో వేశారు. "గీ ఒక్కటి జరిగింది. గంతే."

"అంటే మంచిగ పడ్తదన్నట్టు."

"పడ్తదని గాదు. పడేతందుకు జర ఎక్కువున్నది. తక్కువ గిన్నెల ఇంకా రెండున్నయి గదా."

"అరె, నడిమి గిన్నెల ఐదున్నయి గదరా! పడ్తదా పడదా ఒక్కటి జెప్పు."

"చెప్పరాదు అన్నా."

"మరి గా ఢిల్లోల్లకు జీతాలు ఎందుకిస్తున్రు?"

"గా ఒక్క గింజ జరుపుతందుకు."

మా ఆయన ఆపుకోలేక నవ్వాడు. మామ నవ్వలేదు. ఆయనకు అప్పుడు నవ్వే సంగతి కాదది. మా ఇంట్లో విత్తనపు పసుపు బయట కొనేది కాదు. ముందటి పంటలో నుంచి మంచి కొమ్ములు ఏరి, నీడన కుప్ప పోసి, మళ్లీ అవే పెట్టాలి. ఒకసారి మట్టిలో పెట్టాక అవి ఎండిపోతే ఇంట్లో ఇంక విత్తనం ఉండదు. బావిలో నీళ్లు అప్పటికే కిందికి ఉన్నాయి. మొదటి నెల తడి బావి ఇచ్చినా, ఆ తర్వాత వాన రావాల్సిందే.

"నన్నడిగితే సగం వెట్టు, సగం ఆపు," అన్నారు చిన్నమామ. "మిర్గం దాటినంక, వాన నిలకడ జూసి, మిగిలింది పెడ్దం." జూన్‌లో వచ్చే మృగశిర కార్తెను మేము మిర్గం అంటాం.

ఆ మాట అనేసరికి మామ లేచి వాకిట్లోకి పోతున్నారు. విన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం విన్నాను. ఆ రోజు ఆయన వెంట తీసుకుపోయింది నడిమి గిన్నెలో ఉన్న ఐదు గింజలనే.

గిన్నెలు తీసేటప్పుడు చిన్నమామ ఒక్కరే ఉన్నారు. ధైర్యం చేసి అడిగాను. "మామా, నాలుగు నెలలది మొత్తం మామూలు అంటున్రు గదా. అంటే బట్ట తాను ఎన్ని గజాలున్నదో చెప్పిన్రు గని, నడుమ ఏడ చిల్లు పడ్తదో చెప్పలేదన్నట్టా?"

ఆయన నా వైపు తిరిగారు. "గిదే బిడ్డా. గీ మాట నాకు దొరుకక సస్తున్న," అన్నారు. సంతోషపడ్డారు. కానీ దాని తర్వాత ఆయన చేసిన పని నన్ను సిగ్గుతో చంపింది. ఎక్కడికి పోయినా తాను, గజాలు, చిల్లు అంటూ చెప్పడం మొదలుపెట్టారు. విన్నవాళ్లకు అప్పటివరకు అర్థమైనది కూడా పోయేది.

మామ విత్తనమంతా పెట్టారు. రెండు మంచి వానలు పడ్డాయి. మొలకలు చూసి మామ మీసం మీద చేయి వేసుకోవడం నేను చూశాను. తర్వాత వాన వెనక్కి పట్టింది. రోజూ మబ్బు వచ్చేది, గాలి వచ్చేది, పోయేది.

ఆ రోజుల్లోనే మా దగ్గర రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డు మీదికి వచ్చి వండుకుని తినడమన్నమాట. మేమూ పోయాం. పెద్ద పెద్ద గిన్నెలు, మూడు రాళ్ల పొయ్యిలు, డప్పులు. సరిగ్గా బియ్యం పోసేసరికి పడమట నల్లగా మబ్బు లేచింది. వండేవాళ్లు అరవడం మొదలుపెట్టారు.

"ఓ వాన సారూ, అన్నం దించేదాక గా వానను ఆపవయ్యా!"

"ఆపమంటవేందే?" అని ఒక ముసలమ్మ కసిరింది. "అన్నం ఆగమైతే ఆగమైతది. రానీ! నా మక్క చేను ఎండుతున్నది."

చిన్నమామ పొయ్యి దగ్గర నిలబడి, "మా కోడలు చెప్పింది సూడున్రి, వానకాలం అంటే ఒక తాను..." అని మొదలుపెట్టారు. నేను కొంగు ముఖానికి కప్పుకున్నాను.

"సారూ, మాకు తాను అద్దు, వాన గావాలె!" అన్నారెవరో. అందరూ నవ్వారు. మబ్బు మా నెత్తి మీద నుంచి పోయింది. ఒక్క చుక్క రాలలేదు. అన్నం మల్లెపువ్వులా ఉడికింది. అంత మంచిగా ఉడికిన అన్నాన్ని అంత దిగులుగా తిన్న మనుషులను నేను మళ్లీ చూడలేదు.

బావి అడుగంటింది. కరెంటు వచ్చేది కొంచెంసేపు, మోటారు నీళ్లు పోసేది ఇంకా కొంచెంసేపు. పసుపు ఆకులు ముందు చుట్టుకున్నాయి, తర్వాత కొసల నుంచి ఎండాయి. చేనులో చాలావరకు పోయింది. అంతా అయ్యాక ఆగస్టులో వాన పట్టుకుంది. కుంటలు నిండాయి, రోడ్లు తెగాయి. అప్పటిదాకా తక్కువగా ఉన్న లెక్క అంతా నిండి, మామూలు వానకు చేరుకుందని పేపర్లో వచ్చింది. ఆ ఆదివారం చిన్నమామ తడిసిన చొక్కాతో లోపలికి వచ్చారు. వాన కొలిచే మనిషే గానీ, గొడుగు తెచ్చుకోవడం ఆయనకు ఏనాడూ గుర్తుండేది కాదు. మామ పేపరు ఆయన ముందు పెట్టారు.

"నీ లెక్క సక్కగ వచ్చింది. సంబురమేనా?"

చిన్నమామ పేపరు మీద పడిన నీటి చుక్కను తుడిచారు.

"లెక్క గెలిచింది, నా చేను పోయింది. ఇగ గా మామూలు వాన నువ్వే తాగు."

చిన్నమామ నిలబడే ఉన్నారు. 'సగం ఆపుమన్న గదా అన్నా' అని అంటారని తలుపు వెనుక నేను ఎదురు చూశాను. అనలేదు. చాయ్ కూడా తాగకుండా బస్సుకు పోయారు. ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య మాట లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే తెలంగాణ కోసం ఉద్యోగుల సమ్మె మొదలైంది. ఆఫీసులన్నీ మూతపడ్డాయి. చిన్నమామ కూడా జగిత్యాలలో టెంటు కింద కూర్చునేవారు. ఒక రోజు నాకు ఫోన్ చేశారు.

"రాత్రి మంచి వాన పడ్డది బిడ్డా. డబ్బా ఆఫీసుల ఉన్నది. పోయి కొలుస్తే సమ్మె చెడ్తది. కొలువకపోతే గీ దినం వాన ఎవలకూ తెల్వకుంట పోతది. కూసుంటే మనసున పడ్తలేదు."

అన్నం పెడుతూ ఆ సంగతి మామ వినేటట్టు మా ఆయనతో చెప్పాను. మామ తల ఎత్తలేదు. మర్నాడు పొద్దున చేను నుంచి వస్తే ఆయన చేయి మణికట్టు దాకా బురదగా ఉంది.

"చేండ్ల జానెడు పదునైంది," అన్నారు గోడ వైపు చూస్తూ. "ఎవలన్న అడిగితే జెప్పు."

మట్టిలో తడి ఎంత లోతు దిగిందో వేళ్లు పెట్టి చూడటమే పదును చూడటం. అడిగేవాళ్లు ఎవరున్నారు? కొంచెంసేపటికి అర్థమై చిన్నమామకు ఫోన్ చేశాను.

"జానెడా! ఏడ? ఎత్తు మీదనా, పల్లంలనా?"

నేను మళ్లీ మామ దగ్గరికి పోయి నేల చూస్తూ నిలబడ్డాను. "ఎవలో అడుగుతున్రు మామా, ఎత్తు మీదనా పల్లంలనా అని."

"పల్లంల జానెడు. ఎత్తు మీద బెత్తెడే. జర మంచిగ జెప్పు, ఆగం జేయకు."

సమ్మె ఉన్నన్ని రోజులు వాన పడినప్పుడల్లా ఇదే జరిగింది. జానెడు, బెత్తెడు ఆఫీసు లెక్కలో రాసేందుకు పనికిరావు. అయినా చిన్నమామ ప్రతిసారీ అడిగేవారు, మామ ప్రతిసారీ చేయి మట్టిలో పెట్టేవారు. నడుమ నేను. మాట్లాడటమే రాని నాతోనే ఇద్దరూ మాట్లాడించారు. ఇంక కలిసిపోతారనుకున్నాను. సమ్మె అయిపోయింది, ఆఫీసు తెరిచారు, డబ్బాలో వాన చిన్నమామే కొలుచుకున్నారు. ఈ ఫోన్లు కూడా ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో నాకు తెలియదు.

చలికాలంలో జ్వరం వచ్చి జగిత్యాల దవాఖానాకు పోయినప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పుడు అడిగాను. "సగం ఆపుమని చెప్పింది మీరే గదా మామా. గా దినం ఎందుకు యాది చెయ్యలేదు?"

చిన్నమామ నా మందు గోళీలు చీటీ చూసి వేరు చేస్తున్నారు. చేతిపని ఆపకుండానే చెప్పారు.

"చెప్పింది నిజమే బిడ్డా. కని వాన సక్కగ పడి ఉంటే? అన్న సగం చేను ఖాళీగుంటుండె. అప్పుడు నేను తప్పయితుంటి. నాకే ఎరుకలేని దాని మీద, గీ ఒక్క యేడు జూసి, నేనే కరెక్టు అని ఎట్లంట? మల్ల అన్నకు చేను పోయి ఏడుస్తుంటే గెలుస్తందుకు పోవాల్నా?"

మరి ఎన్ని ఏండ్లు చూస్తే తెలుస్తుందని అడిగాను. "చెప్పరాదు," అని నవ్వి గోళీ చేతిలో పెట్టారు. ఆ మాట మీద నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. మంచి సలహా ఇచ్చి కూడా అది మంచిదని అనుకోకూడదా? చెడిపోతే తప్పు ఎవరిది? మామది కాదు, చిన్నమామది కాదు, ఢిల్లీవాళ్లది కూడా కాదంటే, ఎండిపోయిన పసుపును ఎవరి ముందు పెట్టాలి?

ఈ ఎండాకాలం, పోవడానికి కొన్నాళ్ల ముందు, ఆయనే ఫోన్ చేశారు. "అన్నను అడుగు, గీసారి పసుపు ఎంత పెడ్తడో." పోయిన చేనులో బావి పక్క నాలుగు సాళ్లు బతికితే, వాటి కొమ్ములు తినకుండా, అమ్మకుండా దాచారు మామ. బంధువుల దగ్గర మరికొంత విత్తనం అడిగి తెచ్చారు.

మామ కొమ్ములు ఏరుతూ జవాబిచ్చారు. "ఎంత వెట్టాల్నో గా ఆఫీసాయనే జెప్పాలె. అంచనా వచ్చిందా అడుగు."

"ఇంకా రాలేదను," అన్నారు ఫోన్‌లో చిన్నమామ. "వచ్చినంక నేనే అచ్చి జెప్త."

రాలేదు.

జగిత్యాలలో చిన్నమామను చాప మీద పడుకోబెట్టారు. మామ కాళ్ల దగ్గర కూర్చున్నారు. ఏడవలేదు. చిన్నత్త, "మీరు ఒక్కసారి మాట్లాడితే సరిపోతుండె బావా," అంది. మామ తల ఊపారు. అంతే. పదకొండో రోజున ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన మామ చేతులు పట్టుకుని, అంచనా వచ్చింది, ఈసారి కూడా మామూలు వానే అంటున్నారు అని చెప్పాడు. మామ దానికీ తల ఊపారు.

నిన్న పసుపు పెట్టారు. దుక్కి మొత్తం చేసి, సాళ్లు మొత్తం తీయించారు. కూలి ఆడవాళ్లు వరుసగా పెట్టుకుంటూ సగం చేను దాకా వచ్చేసరికి మామ చేయి ఎత్తి ఆపారు. దారిన పోతున్న పక్క చేను ఆయన ఆగాడు. చిన్నమామ చావుకు వచ్చిన మనిషే.

"ఏం కాకా, విత్తనం సరిపోలేదా? సగమే అయింది?"

"ఉన్నది. తమ్ముడు ఆగుమన్నడు," అన్నారు మామ.

ఆయన అయోమయంగా నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. ఈసారి వాన బాగా పడితే ఆ సగం చేను ఆలస్యమవుతుంది, పంట తగ్గుతుంది. పడకపోతే దాచిన విత్తనమైనా మిగులుతుంది. ఏది కోరుకోవాలో నాకు తెలియడం లేదు. వాన రావాలనే కోరుకుంటున్నాను. వస్తే మామ ఏమంటారో తెలియదు.

సాయంత్రం మోటారు వేశారు. కాలువ నీళ్లు పసుపు పెట్టిన సాళ్లన్నీ తడుపుకుంటూ చివరిదాకా వచ్చాయి. అక్కడ ఆగకుండా, గట్టు తెగి, ఖాళీ సాలులోకి నాలుకలా కొంచెం పాకాయి. పార పక్కనే ఉంది. మామ దాన్ని అందుకోలేదు. పంచె ఎగగట్టి, తన కాలు అడ్డంగా పెట్టి నిలబడ్డారు. నీళ్లు ఆయన పాదం చుట్టూ తిరిగి వెనక్కి మళ్లాయి. ఆయన వెనుక పొడి సాళ్లు గట్టు దాకా ఖాళీగా ఉన్నాయి.